కాలితో పట్టిన చెక్క

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి మా బాపు ఎడమ కాలికి అయిదు వేళ్లూ ఉన్నాయి. ఇట్లా మొదలుపెడితే కథ ముందే తెలిసిపోతుందని మా అన్న నాగేశ్ అంటాడు. తెలిసిపోనీ. ఆ మూడు నెలలు మాకు మాత్రం తెలియదా? తెలిసే పని చేసుకుంటూ పోయాం. నా బాధ అదే.

మా బాపు నర్సింహచారి నేల మీద కూర్చుని పనిచేసే తరం వడ్రంగి. చెక్కను ఎడమ కాలితో తొక్కిపట్టి, బొటనవేలూ దాని పక్క వేలూ అంచుకు బిగించి, రెండు చేతులతో ఉలి నడిపేవాడు. యాభై ఏళ్లు అట్లా పట్టీ పట్టీ ఆ రెండు వేళ్ల మధ్య ఎడం పెరిగిపోయింది. ఆయనకు చెప్పులు కొనాలంటే మా అమ్మ అనసూర్య సిద్దిపేట బజారంతా తిరిగేది. చెక్క మీద కాలు పెట్టేముందు మాత్రం బాపు వంగి దాన్ని తాకి, ఆ చేతిని కళ్లకు అద్దుకునేవాడు. అన్నం పెట్టేదాన్ని తొక్కక తప్పదు కాబట్టి ముందే తప్పు ఒప్పుకోవడం. రోజుకు ఎన్నిసార్లు కాలు పెడితే అన్నిసార్లూ అద్దుకునేవాడు.

ఫిబ్రవరి చివర్లో అన్న సీఎన్‌సీ రూటర్ తెచ్చి మా వడ్రంగం షెడ్డులో దింపించాడు. కంప్యూటర్‌లో గీసిన పువ్వును, తిరిగే కట్టర్‌తో చెక్క మీద చెక్కిపెట్టే యంత్రం అది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను కాబట్టి కంప్యూటర్ నా వంతయింది. చెక్క మా బాపు వంతు. మాట్లాడటం, కొలతలు తేవడం, తొందరపెట్టడం అన్న వంతు.

మొదటివారమే చిక్కు వచ్చిపడింది. ప్లైవుడ్ షీటును బల్లకు క్లాంపులనే ఇనుప పట్లతో బిగిస్తే అంచులు ఆగుతున్నాయి కానీ నడుమ ఉబ్బుతోంది. కట్టర్ వెళ్లి క్లాంపుకు తగిలి పుటుక్కున విరుగుతోంది. మూడోసారి విరిగినప్పుడు బాపు లేచి, పంచె ఎగ్గట్టి, ఎవరినీ అడక్కుండా బల్ల ఎక్కి, కట్టర్‌కు ఆ చివరన షీటు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇగ నడిపియ్యి బిడ్డా. ఎట్ల కదుల్తదో చూస్త" అన్నాడు.

కదల్లేదు. మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం. నేను ఫోటో తీసి, కింద 'డెబ్బై కిలోల క్లాంపు' అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాను. నా స్నేహితురాళ్లు నవ్వు బొమ్మలు పంపారు. ఆ ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. తుడిచేయడానికి చేయి రాదు.

గాలితో చెక్కను పట్టే బల్ల చేద్దామన్నది నా ఆలోచన. ఇది ఎవరి మీదికీ నెట్టలేను. పది రోజులు కూర్చుని గీశాను. మందపాటి బోర్డు మీద అడ్డం నిలువు సన్నని గాడులు, రెండు వేళ్ల వెడల్పుకొకటి. బోర్డు గాలిని పీల్చకుండా మూడు పూతల వార్నిష్. చెక్క ఎంతుంటే అంతమేర చుట్టూ గాడిలో రబ్బరు తాడు కూరి, పైన చెక్క పెట్టి, కింద నుంచి పంపుతో గాలి గుంజడం. బల్లను నాలుగు ఖానాలు చేసి, ఒక్కో ఖానాకు నీళ్ల పైపు, దానికి ఒక వాల్వు. చింతమడకలో ఒక పాడిరైతు బర్రెల్ని అమ్మేసి పాలు పితికే యంత్రాన్ని మూలకు పడేశాడు. దాని పంపు మాకు దొరికింది.

"పాలు గుంజేదానితోని చెక్కను వట్టుడా?" అని బాపు ఆశ్చర్యపోయాడు.

"అది గుంజేది గాలినే బాపూ. కింద గాలి లేకపోతే పైనున్న గాలే చెక్కను ఒత్తుతది."

"పైనున్న గాలి మన నెత్తి మీద గూడ ఉన్నది గదా. మనల ఒత్తుతలేదేంది?"

దీనికి జవాబు చెప్పేసరికి నా డిప్లొమా అంతా ఖర్చయిపోయింది.

అగరుబత్తి వెలిగించి గాడుల వెంట తిప్పుతూ, పొగ ఎక్కడ లోపలికి గుంజుకుంటే అక్కడ కంత ఉన్నట్టు గుర్తుపట్టి పూడ్చాం. మార్చి రెండోవారంలో ఒక ఉదయం పంపు ఆన్ చేశాను. గాలి పట్టును చూపే మీటరు ముల్లు మెల్లగా లేచి పదిహేను దగ్గర నిలబడింది. అడుగు చదరం చెక్క మీద నాలుగొందల కిలోల బరువు పడ్డట్టు లెక్క. బాపు రెండు చేతులతో గుంజి చూశాడు. పక్కనుంచి గుద్ది చూశాడు. ఆఖరికి వంగి చెక్కను తాకి, కళ్లకు అద్దుకుని, బల్ల మీద కూర్చుని ఎడమ కాలు దాని అంచుకు ఆనించి బలంకొద్దీ నెట్టాడు. చెక్క ఉలకలేదు.

"నా కాలు కంటె గట్టిగున్నది" అన్నాడు.

మా బాపు నోటి నుంచి మెచ్చుకోలు రావడం అరుదు. నా కాళ్లు నేల మీద ఆగలేదు. ఆయన మాత్రం ముల్లు వంకే చూస్తున్నాడు.

"అవుగని బిడ్డా, వట్టుకునేది కండ్లకు కనవడాలె. గిది కనవడది. కరెంటు వోతే?"

"కరెంటు వోతే కట్టర్ గూడ ఆగుతది బాపూ. రెండూ ఒక్కతాననే ఉన్నయి."

ఆ రోజుకు అది నిజమే.

మరుసటివారం నుంచి పంపు మొదలైనప్పుడల్లా మెయిన్ స్విచ్చు పడిపోవడం మొదలైంది. ఒకే ఫేజు మీద కట్టర్ మోటరూ పంపూ రెండూ ఉండటంతో బరువు ఆగడం లేదు. మాకు మూడు ఫేజులున్నాయి. ఒక మధ్యాహ్నం అన్న విసుక్కుంటే, నేనే స్టూలు వేసుకుని ఎక్కి పంపు వైరు తీసి ఇంకో ఫేజుకు కలిపాను. పావుగంట పని. మెయిన్ మళ్లీ పడలేదు, అన్న సంతోషించాడు. బాపుకు నేనిచ్చిన జవాబు ఆ పావుగంటలో అబద్ధమైపోయింది. నాకు తట్టనే లేదు. మా వీధిలో ఎండాకాలం వచ్చిందంటే రోజుకు ఒక ఫేజైనా పోతుంది. ఫ్యాను ఆగితే అమ్మ లేచి నాబ్ తిప్పి ఇంకో ఫేజుకు మార్చుకుని మళ్లీ పడుకునేది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, నాకే తట్టలేదు.

ఏప్రిల్‌లో తట్టింది. వంటగది అల్మారా తలుపులకు షీటు కోస్తున్నాం. పంపు ఫేజు పోయింది. కట్టర్ మాత్రం తిరుగుతూనే ఉంది. తెగిపోయిన ముక్కొకటి లేచి, విసిరినట్టుగా వెళ్లి, ఎదుటి గోడకున్న క్యాలెండరును చీల్చుకుని ఇటుకల్లో దిగబడింది. అరచేతిలో సగం లేదు ఆ ముక్క. ఆ గోడకే ఆనుకుని ఐదు నిమిషాల ముందు అమ్మ మాకు చాయ్ ఇచ్చి వెళ్లింది.

అన్న వెళ్లి ముక్కను పెరికి చూసి పారేశాడు. బాపు గోడలోని గుంటలో వేలు పెట్టి చూశాడు, కణుపు దాకా దిగింది.

"ఒక స్విచ్చు ఉంటదన్నా" అన్నాను, బాపు ఇంట్లోకి వెళ్లాక అన్నతో. "గాలి తగ్గంగనే కట్టర్‌ను బంద్ చేస్తది. తెప్పిస్త."

తెప్పించాను. అగ్గిపెట్టెకు రెండింతలుండే చిన్న డబ్బాలో ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చింది. దాన్ని బిగించాలంటే యంత్రం ఆపాలి. యంత్రం ఆపాలంటే అన్న ఒప్పుకోవాలి.

"పెండ్లిండ్లు, గృహప్రవేశాలు అన్నీ గీ నెల మీదనే ఉన్నయి చెల్లే. మంచి దినాలు అయిపోంగనే పెడ్దాం. అప్పటిదాంక ఎవరన్న ముల్లును చూస్తుంటె అయిపాయె" అన్నాడు.

నేను గట్టిగా అడ్డుపడి ఉంటే ఒప్పుకునేవాడే. మా అన్న మొండివాడు కాడు, తొందరమనిషి అంతే. నేను అడ్డుపడలేదు. నాకూ పని నడవాలని ఉంది. నా బల్ల చూడటానికి చుట్టుపక్కల షెడ్ల వాళ్లు వస్తున్నారు, నన్ను మేడమ్ అంటున్నారు. డబ్బాను నా సొరుగులో పెట్టి మూసేశాను.

ముల్లును ఎవరో ఒకరు చూడాలని మాత్రమే బాపుకు చెప్పాం, డబ్బా మాట ఎత్తలేదు. "ముల్లును నేను చూస్త" అన్నాడు బాపు.

మీటరును నేను బల్లకు ఆ చివరన బిగించాను, పైపులు అక్కడ కలుస్తాయి కాబట్టి. ఆయన మోకాళ్లు ఎక్కువసేపు నిలబడనివ్వవు. కాబట్టి మళ్లీ ఆ చివరన బల్ల మీదే కూర్చోవడం మొదలైంది. ఈసారి క్లాంపుగా కాదు, కాపలాగా. కూర్చోవద్దని ఒకటి రెండుసార్లు చెప్పాను. కుర్చీ తెచ్చి వేశాను. కుర్చీలో కూర్చుంటే ముల్లు కనిపించలేదు. మీటరును కిందికి దింపి బిగించాల్సింది నేను. అదీ చేయలేదు.

"ముల్లు పది కిందికి దిగితే నన్ను పిలువు బాపూ. నువ్వేం చెయ్యకు. ఊకె పిలువు" అన్నాను.

"మంచిది" అన్నాడు.

కొన్నాళ్లకు ఒకటి గమనించాను. ఆయన ముల్లును చూడటం తగ్గించాడు. కాలి బొటనవేలును షీటు అంచుకు ఆనించి కూర్చుంటున్నాడు. ముల్లుకంటే ముందు తనకే తెలుస్తుందట. నిజంగానే రెండుసార్లు, ముల్లు కదలకముందే "బిడ్డా, సడలుతున్నది" అన్నాడు, వెళ్లి చూస్తే రబ్బరు తాడు ఒకచోట లేచి ఉంది. నేను దాన్ని చూసి మురిశానే గాని భయపడలేదు. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, ఆ రెండుసార్లకే నాకు చెమటలు పట్టాల్సింది.

మే నెల నడిమిలో మద్దూరు నుంచి ఉప్పలయ్య వచ్చాడు. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టుకున్నాడు. పాతింటి దూలాన్ని కోయించి, ఆ టేకు పలకలు ట్రాలీలో వేసుకొచ్చాడు.

"గిది మా తాత ఎక్కిచ్చిన దూలం చారీ. దేవునర్రకు తలుపు చెయ్యాలె. మీద కమలం పువ్వు రావాలె. బేస్తారం నాడు ఇంట్లకు పోతున్నం" అన్నాడు.

బాపు పలకను చేతిలోకి తీసుకుని అంచును గోటితో గీకి వాసన చూశాడు. "గిసొంటి టేకు ఇప్పుడు దొరుకుతదా ఉప్పలన్నా. దీన్ని మిషన్ మీద పెట్టుడు ఎందుకు? నేను చెక్కుత."

"గురువారానికి ఐతదా బాపూ?" అన్నాడు అన్న.

కాదని బాపుకూ తెలుసు. రెండు రోజులు చిత్రిక పట్టే రందాతో కూర్చుని, పలకలో వంపు పోయేదాకా తోసి, అద్దంలాగా సాపు చేసి ఇచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టినప్పుడు ముల్లు పదిహేను దాటింది. అంత బాగా ఏ చెక్కా అంటుకోలేదు.

సోమవారం పొద్దున పదకొండు. అన్న ములుగులో ఒకరి ఇంటి దర్వాజాల కొలతలకు వెళ్లాడు. అమ్మ ఇంట్లో ఉంది. బయట ఎండ మొహం మీద కొడుతోంది. కట్టర్ పువ్వు బయటి రేకులు చెక్కడం మొదలుపెట్టింది. ఎనిమిది రేకుల్లో ఐదు అయ్యాయి. బాపు తన చోట కూర్చున్నాడు. నేను పక్కనే ప్లైవుడ్‌తో కట్టిన చిన్న గదిలో కంప్యూటర్ ముందు ఇంకో డిజైన్ గీస్తున్నాను. షెడ్డులో రెండు చప్పుళ్లు ఉంటాయి. కట్టర్ సన్నగా కీచుమంటుంది, పంపు దాని కింద బొంగురుగా మూలుగుతుంది. అలవాటైపోయి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి.

గదిలో ఫ్యాను ఆగింది. ఫేజు పోయిందనుకున్నాను. గీత సగంలో ఉంది, అది పూర్తిచేద్దామని మౌస్ కదిపాను. అప్పుడు తెలిసింది, కీచుమనే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"బిడ్డా" అన్నాడు బాపు.

పిలవమన్నాను కదా, పిలిచాడు. గొంతు పెద్దగా చేయలేదు. నేను నాలుగంగల్లో వెళ్లి ఎర్ర బటన్ గుద్దాను. కట్టర్ తిరిగి తిరిగి ఆగింది. ఆగాక చూశాను. ఆయన పిలిచే ముందే కాలు పెట్టేశాడు. వంగి చెక్కను తాకలేదు, కళ్లకు అద్దుకోలేదు. యాభై ఏళ్లలో అది మొదటిసారి అయి ఉంటుంది. పలక సడలగానే ఆ రెండు వేళ్లు వాటంతట అవే వెళ్లి అంచును పట్టుకున్నాయి. కట్టర్ ఆరో రేకు గీసుకుంటూ ఆ అంచుకే వచ్చింది.

పలక వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఆరో రేకు ఎక్కడిదాకా తెగిందో అక్కడిదాకా గీత తిన్నగా ఉంది.

"చెక్క పోలే గదా?" అని అడిగాడు. నేను నా చున్నీ తీసి ఆయన పాదానికి చుడుతున్నాను. నెత్తురుకు తడిసి ముడి జారిపోతోంది. అమ్మ పరుగెత్తుకొచ్చి ముడి వేసింది.

దవాఖానలో పదకొండు రోజులు ఉన్నాం. బొటనవేలు, దాని పక్క వేలు రెండూ పోయాయి. మిగతా మూడు వేళ్లు నిలిచాయని డాక్టర్ ధైర్యం చెప్పాడు. అవి ఎందుకూ పనికిరాని వేళ్లని ఆయనకెట్లా తెలుస్తుంది?

అన్న మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. తప్పు తనదే అన్నాడు. నేను అతనికి ఎదురు చెప్పలేదు, నాది అనీ అనలేదు. సొరుగులో డబ్బా ఉన్న సంగతి అన్నకు తెలుసు, నాకు తెలుసు. బాపుకు తెలియదు. ఆ పదకొండు రోజులూ ఆయన మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. మాటిమాటికీ ఎవరో ఒకరు కాలు చూడటానికి వచ్చేవారు. నేను లేచి నీళ్ల సీసా నింపుకొస్తానని బయటికి పోయేదాన్ని.

ఉప్పలయ్య కూడా వచ్చాడు. అప్పటికి గురువారం దాటిపోయింది. తలుపు లేకుండానే పూజగదికి తెర కట్టి పూజ చేసుకున్నారట. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమనుకోకు చారీ. నెత్తురువడ్డ చెక్క దేవునికి పెట్టలేం" అన్నాడు వెళ్లేముందు.

"నేనే వద్దందుననుకున్న. మంచి మాట జెప్పినవు" అన్నాడు బాపు. "ఉన్న పలకలల్ల మంచిది సూసి మావోడు ఇంకోటి చేసిస్తడు."

అన్న వేరే పలకతో తలుపు చేసి పంపాడు. దాన్ని క్లాంపులు బిగించి చెక్కాడు. పంపును మళ్లీ ఎవరూ ఆన్ చేయలేదు.

మృగశిర కార్తె, మా మిరుగు, వచ్చింది. మొదటివాన పడి షెడ్డు రేకులు చల్లబడిన రోజున నేను సొరుగు తెరిచి డబ్బా తీశాను. బాపు కర్ర పట్టుకుని వచ్చి గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన చూస్తుండగానే స్విచ్చును పైపుకు బిగించాను. రెండు వైర్లు కంట్రోల్ పెట్టెలోకి లాగాను. పంపునూ కట్టర్‌నూ నడిపించి, పంపు ఒక్కదాన్నే ఆపాను. ముల్లు పదికి దిగీదిగకముందే కట్టర్ ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ ఆగింది.

"గిది గప్పుడు లేదా?" అన్నాడు బాపు.

ఈమధ్యే తెప్పించానని అనవచ్చు. అన్న ఇంట్లో లేడు, కాదనేవాళ్లు లేరు.

"ఉండె బాపూ. నా సొరుగులనే ఉండె. నెల రోజులు."

ఆయన గోడ గడియారం వైపు తిరిగి చూశాడు. నేను పని మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన దాని వైపు చూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"అర్ధగంట వట్టింది" అన్నాడు.

"అర్ధగంట" అన్నాను.

కర్ర మీద బరువు మోపి లేచాడు. ఇంట్లోకి పోతాడనుకున్నాను. మూలకు ఆనించి ఉన్న టేకు పలకను చూపించి తెమ్మన్నాడు. అమ్మ ఎన్నిసార్లు కడిగినా ఆరో రేకు దగ్గర మచ్చ పోలేదు. నేల మీద గోనెసంచి పరిచి మెల్లగా కూర్చుని, పలకను ముందుకు లాక్కున్నాడు.

"దేవునికి పనికిరాకుంటె మనిషికన్న పనికిరావాలె. పువ్వు పూర్తిజేసి పీట చేద్దాం" అన్నాడు.

వంగి చెక్కను తాకి కళ్లకు అద్దుకున్నాడు. కట్టు కట్టిన ఎడమ కాలు అంచు మీద పెట్టి, ఉలి ఆనించి సుత్తె ఎత్తాడు. ఒక్క దెబ్బకే పలక జారిపోయింది. మళ్లీ లాక్కుని కుడి కాలు పెట్టాడు. ఆ కాలికి పట్టడం రాదు, పలక మళ్లీ జారింది. మూడోసారి లాక్కోలేదు. ఉలి ఒళ్లో పెట్టుకుని ఆ చెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇటు రా" అన్నాడు తలెత్తకుండానే. "కాలు వెట్టు."

నేను చెప్పులు విడిచి వెళ్లి ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. చెక్కను తాకి కళ్లకు అద్దుకున్నాను. ఎడమ కాలు అంచు మీద పెట్టి వేళ్లు బిగించాను. ఆరో రేకు మిగిలిన సగం గీత నా బొటనవేలి పక్క నుంచే పోతుంది.

"అక్కడనే?" అన్నాను.

"గాడనే వట్టాలె. లేకుంటె జారుతది."

సుత్తె లేచింది. ఉలి ఒక్కో దెబ్బకు ఒక్కో గింజంత ముందుకు వస్తోంది. నా వేలికి రెండంగుళాల దూరానికి వచ్చింది, అంగుళానికి వచ్చింది. ఆయన నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను కాలు తీయలేదు.